సీక్వెల్‌లో పలచబడే భయం

వీడియో గేమ్‌లను హారర్ సినిమాలుగా తీసే పని 21వ శతాబ్దం మొదట్లో ఊపందుకుంది. 2002లో ‘రెసిడెంట్ ఈవిల్’, 2003లో ‘హౌస్ ఆఫ్ ది డెడ్’, 2005లో ‘అలోన్ ఇన్ ది డార్క్’, 2006లో ‘సైలెంట్ హిల్’, 2023లో ‘ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్’ తెరకెక్కాయి. వీటన్నిటికీ తర్వాతి భాగాలు వచ్చాయి. మొదటి సినిమాను మెచ్చుకున్నవాళ్లు కూడా చాలాచోట్ల రెండో భాగం చూసి పెదవి విరిచారు. మొదటిదే తేలిపోయిన చోట రెండోది టీవీకో డీవీడీకో పరిమితమైంది. డబ్బు తెచ్చిన సీక్వెల్స్ ఉన్నాయి గానీ, నిజంగా భయపెట్టినవి చాలా అరుదు.

ఇంతమంది దర్శకుల చేతుల్లో ఒకే రకం తప్పు మళ్లీ మళ్లీ జరిగిందంటే దాన్ని ఒక్క ప్రతిభాలోపం కింద కొట్టిపారేయలేం. గేమ్‌లో భయం పుట్టే తీరు వేరు, సినిమాలో పుట్టే తీరు వేరు. మొదటి భాగంలో ప్రేక్షకుడికి ఆ లోకం కొత్త. ఆ కొత్తదనమే సగం భయాన్ని మోస్తుంది. సీక్వెల్ వచ్చేసరికి ఆ ఊతం ఉండదు. అప్పుడు దర్శకుడు దేన్ని పట్టుకుంటాడన్న దానిమీదే సినిమా నిలబడుతుంది.

ఆడేవాడి చేతిలో భయం

హారర్ గేమ్‌ల స్వరూపం 1990లలో కుదురుకుంది. 1992లో ఫ్రెంచి సంస్థ ఇన్ఫోగ్రామ్స్ నుంచి వచ్చిన ‘అలోన్ ఇన్ ది డార్క్’ దానికి పునాది వేసింది. 1996లో జపాన్ సంస్థ క్యాప్‌కామ్ కోసం షింజి మికామి రూపొందించిన ‘రెసిడెంట్ ఈవిల్’ ఆ తరహాను ప్రపంచమంతటికీ పరిచయం చేసింది.

రెసిడెంట్ ఈవిల్‌లో ఆటగాడు ఒక పాత బంగళాలో చిక్కుకుంటాడు. లోపల నడిచే శవాలు తిరుగుతుంటాయి. తుపాకీ ఉంటుంది కానీ తూటాలు లెక్కగా దొరుకుతాయి. ఆటను ఎక్కడివరకు ఆడామో భద్రపరచుకోవాలంటే టైప్‌రైటర్ కనబడాలి, చేతిలో ఇంకు రిబ్బన్ ఉండాలి. రిబ్బన్లూ కొన్నే. కెమెరా గది మూలలో కదలకుండా ఉండిపోతుంది కాబట్టి మలుపు అవతల ఏముందో కనబడదు, ఈడ్చుకుంటూ నడిచే అడుగుల చప్పుడు మాత్రం వినబడుతుంది. తలుపు దగ్గరికి వెళ్తే తెర నల్లబడి, ఒక్క తలుపే నెమ్మదిగా తెరుచుకుంటుంది. తర్వాతి గది డిస్కు నుంచి లోడ్ కావడానికి కావలసిన ఆ కొద్ది సెకన్లు ఆటగాడికి ఊపిరి బిగబట్టే సమయం అవుతుంది. ఆ శవాన్ని కాల్చాలా, పక్కనుంచి తప్పించుకుపోవాలా, ఉన్న ఒక్క రిబ్బన్ ఇప్పుడే వాడాలా అన్న నిర్ణయం ఆటగాడిదే. తప్పయితే దాని ఫలితమూ అతనిదే.

1999లో కొనామి విడుదల చేసిన ‘సైలెంట్ హిల్’ భయాన్ని మరో దారిలో తెచ్చింది. ఇందులో నాయకుడు సైనికుడో పోలీసో కాడు. పేరు హ్యారీ మేసన్, రచనలు చేసుకునే మామూలు మనిషి. తప్పిపోయిన కూతుర్ని వెతుక్కుంటూ పొగమంచు కమ్మిన ఊళ్లో తిరుగుతుంటాడు. అప్పటి ప్లేస్టేషన్ యంత్రానికి దూరంలో ఉన్న వీధులన్నీ ఒకేసారి చూపే శక్తి లేదు. ఆ లోటును కప్పడానికి పొగమంచు వాడారు. అదే ఆ గేమ్‌కు ప్రాణమైంది. హ్యారీ జేబులోని చిన్న రేడియో, వింతజీవి దగ్గరపడ్డప్పుడల్లా గరగరమంటుంది. ఏదో వస్తోందని తెలుస్తుంది, ఏ దిక్కునుంచో తెలియదు.

2014లో స్కాట్ కాథన్ ఒక్కడే తయారుచేసిన ‘ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్’లో ఆటగాడు కుర్చీలోంచి లేవడు కూడా. పిల్లల పిజ్జా హోటల్లో రాత్రి కాపలాదారు అతను. కెమెరాల్లో బొమ్మల కదలికలు చూస్తూ, అవి దగ్గరికొస్తే తలుపులు మూసుకోవాలి. కెమెరా చూసినా తలుపు మూసినా కరెంటు ఖర్చవుతుంది. తెల్లవారేలోగా అది అయిపోతే చీకట్లో ఒంటరిగా మిగలాలి.

ఈ మూడింటిలోనూ వింతజీవుల ఆకారం కన్నా, కొరతలో తీసుకోవలసిన నిర్ణయమే ఎక్కువ భయపెడుతుంది. సినిమా చూసేవాడికి ఆ నిర్ణయం ఉండదు. తూటా వృథా అయితే నష్టపోయేది తెరమీది పాత్ర. అందుకని సినిమా ఆ లోటును వేరే బలంతో పూడ్చాలి: వాతావరణంతో, పాత్ర మీద పుట్టే మమకారంతో, చివరిదాకా దాచి ఉంచిన రహస్యంతో.

సైలెంట్ హిల్: రహస్యం విప్పేసిన సీక్వెల్

ఫ్రెంచి దర్శకుడు క్రిస్టోఫ్ గాన్స్ 2006లో తీసిన ‘సైలెంట్ హిల్’ ఈ పనిని చాలావరకు చేసింది. రచయిత రోజర్ ఎవరీ. తండ్రి స్థానంలో రోజ్ అనే తల్లిని పెట్టారు, ఆ పాత్ర రాధా మిచెల్ వేసింది. గేమ్‌కు సంగీతం చేసిన అకీరా యమావోకా బాణీలనే సినిమాలోనూ వాడారు. ఊరి రూపానికి ప్రేరణ అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఉన్న సెంట్రేలియా. అక్కడి బొగ్గు గనుల్లో 1962లో అంటుకున్న మంట దశాబ్దాల తరబడి నేల కింద కాలుతూనే ఉంది. సినిమాలో ఆకాశం నుంచి మంచుకు బదులు బూడిద రాలుతుంది. సైరన్ మోగగానే వెలుగు చచ్చిపోయి, గోడల పైపొరలు పెచ్చులుగా ఊడి, కింద తుప్పుపట్టిన ఇనుము బయటపడుతుంది. మాటల్లేకుండా ఈ దృశ్యమే ప్రేక్షకుణ్ని ఆ లోకంలోకి లాగుతుంది.

ఆ సినిమాలోనూ లోపముంది. చివర్లో ఊరి శాపానికి మూలమేమిటో పొడుగాటి ఫ్లాష్‌బ్యాక్‌లో చెప్పుకొచ్చారు. విమర్శకులు దాన్ని అప్పుడే ఎత్తిచూపారు. అయినా దాదాపు 10 కోట్ల డాలర్లు వసూలు చేసి, గేమ్ అభిమానుల మెప్పు పొందింది.

ఆరేళ్ల తర్వాత, 2012లో ‘సైలెంట్ హిల్: రెవిలేషన్’ త్రీడీలో వచ్చింది. గాన్స్ లేడు. ఎం.జె. బాసెట్ రచన, దర్శకత్వం వహించారు. మొదటి సినిమాకు సుమారు 5 కోట్ల డాలర్లు ఖర్చయితే దీనికి 2 కోట్లు. మూడో గేమ్ ఆధారంగా, హెదర్ అనే టీనేజి అమ్మాయి తన గతాన్ని తెలుసుకునే కథ ఇది. గేమ్‌లో హెదర్ ఎవరన్నది ఆటగాడికి ముక్కలు ముక్కలుగా, చాలాసేపటికి అర్థమవుతుంది. సినిమాలో ఆ పని సంభాషణలకు అప్పగించారు. ఒకరు వచ్చి శాపం గురించి చెబుతారు, మరొకరు మతగుంపు గురించి చెబుతారు, ఇంకొకరు తాయత్తు ఎలా వాడాలో చెబుతారు. అంటే మొదటి సినిమాలోని లోపాన్నే సీక్వెల్ తన పద్ధతిగా చేసుకుంది.

పిరమిడ్ హెడ్ పాత్రకు పట్టిన గతి దీనికి స్పష్టమైన ఉదాహరణ. ముక్కోణపు ఇనుప తలతో పెద్ద కత్తి ఈడ్చుకుంటూ నడిచే ఈ ఆకారం 2001 నాటి రెండో గేమ్‌లో పుట్టింది. భార్యను చంపిన జేమ్స్ సండర్లాండ్ అనే మనిషిలోని అపరాధభావమే దాని మూలం. తనను తాను శిక్షించుకోవాలన్న అతని కోరిక అలా రూపం కట్టింది. ఆ మనిషి లేకపోతే ఆ ఆకారానికి అర్థం లేదు. రెవిలేషన్‌లో అదే పిరమిడ్ హెడ్ పతాక సన్నివేశంలో హెదర్ తరఫున మరో రాక్షసితో కత్తియుద్ధానికి దిగుతుంది. అభిమానులు ఇష్టపడే ఆకారమని తెచ్చి కాపలాదారుగా నిలబెట్టారు. భయానికి కారణమైన అపరాధభావం పోయి, ఇనుప తల మాత్రం మిగిలింది. సినిమా వసూళ్లు మొదటి భాగం వసూళ్లలో సగానికి కాస్త పైన ఆగిపోయాయి.

రెసిడెంట్ ఈవిల్: భయం పోయి పోరాటం మిగిలింది

వసూళ్లే కొలమానమైతే రెసిడెంట్ ఈవిల్ సినిమాలను వైఫల్యం అనలేం. 2002 నుంచి 2016 వరకు వచ్చిన ఆరు సినిమాలు కలిపి 120 కోట్ల డాలర్లకు పైగా రాబట్టాయి. అయితే హారర్‌గా చూస్తే ఆ వరుస మెట్టుమెట్టుగా దిగజారిన కథ.

మొదటి సినిమాను పాల్ డబ్ల్యూ.ఎస్. ఆండర్సన్ తీశాడు. అంతకుముందు, జాంబీ సినిమాలకు ఆద్యుడనదగ్గ జార్జి రొమేరో రాసిన స్క్రిప్టును నిర్మాతలు పక్కనపెట్టారు. ఆండర్సన్ గేమ్‌లో లేని ఆలిస్ అనే కొత్త పాత్రను సృష్టించి మిలా జొవోవిచ్‌కు ఇచ్చాడు. ఆమెకు గతం గుర్తులేదు. భూగర్భ ప్రయోగశాలకు దారి ఉన్న బంగళాలో మేలుకుంటుంది. ప్రేక్షకుడికీ ఆమెకూ ఒకేసారి విషయాలు తెలుస్తాయి కాబట్టి గేమ్‌లోని అనిశ్చితి కొంతైనా తెరమీద నిలిచింది. సన్నని నడవాలో లేజర్ కిరణాలు సైనికులను కోసేసే సన్నివేశం ఇప్పటికీ జనం గుర్తుచేసుకుంటారు.

2004లో వచ్చిన రెండో భాగం ‘అపోకలిప్స్’కు అలెగ్జాండర్ విట్ దర్శకుడు. ఇందులో ఆలిస్‌కు వైరస్ వల్ల మానవాతీత శక్తులు వచ్చేస్తాయి. గోడ మీద నిలువునా పరిగెత్తుతూ దిగుతుంది, చర్చి అద్దం పగలగొట్టుకుని మోటార్‌సైకిల్‌తో దూసుకొస్తుంది. గేమ్‌లో ఆటగాడిని వీధివీధినా వెంటాడి వణికించిన నెమెసిస్‌తో ఇక్కడ చేతులతో కలబడుతుంది. కథానాయిక చావదని ప్రేక్షకుడికి తెలిసిపోయాక వెనకనుంచి వచ్చే అడుగుల చప్పుడుకు విలువేముంది? తూటాల కొరతలోంచి పుట్టిన కథ, తూటాలు వర్షంలా కురిసే కథగా మారిపోయింది.

2007లో మూడో భాగం ఎడారికి మారింది. 2010లో నాలుగోది త్రీడీలో వచ్చింది. అందులో తలకు గోనె కప్పుకుని, పెద్ద సుత్తిగొడ్డలి మోసుకుంటూ ఒక ఆకారం హఠాత్తుగా ప్రవేశిస్తుంది. ఐదో గేమ్ ఆడినవాళ్లు దాన్ని వెంటనే గుర్తుపడతారు. ఆడనివాళ్లకు అదెవరో, ఎందుకొచ్చిందో చివరివరకూ తెలియదు. 2016లో ‘ది ఫైనల్ చాప్టర్’తో వరుస ముగిసింది. అదే అన్నిటికన్నా ఎక్కువగా, 31 కోట్ల డాలర్ల మేరకు వసూలు చేసింది. అందులో పెద్ద వాటా చైనాది.

2021లో జోహన్నెస్ రాబర్ట్స్ ‘వెల్‌కమ్ టు రకూన్ సిటీ’ పేరుతో కథను మళ్లీ మొదటినుంచి చెప్పాడు. గేమ్‌కు దగ్గరగా ఉండాలన్న పట్టుదలతో మొదటి రెండు గేమ్‌ల కథలను, పాత్రలను ఒక్క రాత్రిలో ఇరికించాడు. బంగళా అచ్చం గేమ్‌లో ఉన్నట్టే ఉంది. కానీ ఆ బంగళాలో ఆటగాడు గంటలకొద్దీ ఒంటరిగా తిరిగిన సమయాన్ని రెండు గంటల సినిమా ఇవ్వలేకపోయింది. గేమ్‌ను పట్టించుకోకపోవడం ఎంత తప్పో, దాని వస్తువులను వరుసగా పేర్చుకుంటూ పోవడమూ అంత తప్పని ఈ సినిమా తేల్చింది.

పేరు కోసం తీసిన రెండో భాగాలు

మరోరకం సీక్వెల్స్‌లో సృజన సమస్య కన్నా ముందు వ్యాపార సమస్య ఉంది. జర్మన్ దర్శకుడు ఊవె బోల్ 2000లలో వరుసగా గేమ్ హక్కులు కొని సినిమాలు తీశాడు. సినిమాల్లో పెట్టుబడి పెట్టినవాళ్లకు అప్పటి జర్మనీ పన్ను చట్టం ఇచ్చిన వెసులుబాటు ఈ నిధులకు ఆధారం. ‘హౌస్ ఆఫ్ ది డెడ్’లో పోరాటాల మధ్య అసలు గేమ్ దృశ్యాలనే అతికించాడు. అవి సినిమా లోకాన్ని మధ్యలోనే చీల్చేశాయి.

వాటి సీక్వెల్స్‌కు ఆ మాత్రం డబ్బూ లేదు. 2005 నాటి ‘హౌస్ ఆఫ్ ది డెడ్ 2’ టీవీ సినిమాగా వచ్చింది. 2008లో ‘అలోన్ ఇన్ ది డార్క్ 2’ కొత్త దర్శకులతో వచ్చింది. బోలే తీసిన ‘బ్లడ్‌రేన్’ రెండో భాగంలో నాయిక నటి మారింది, కథ యూరప్ వదిలి అమెరికా పశ్చిమ సీమకు వెళ్లింది. పేరు తప్ప ముందు సినిమాతో వీటికి మిగిలిన బంధం చాలా తక్కువ. డీవీడీ దుకాణంలో తెలిసిన పేరు కనబడితే కొనేవాళ్లుంటారన్న లెక్క మీదే ఇవి నడిచాయి.

‘ఫైవ్ నైట్స్ ఎట్ ఫ్రెడ్డీస్’ దీనికి పూర్తిగా వ్యతిరేకం. గేమ్ సృష్టికర్త కాథన్ స్వయంగా నిర్మాణంలో ఉన్నాడు. ఎమ్మా టామి దర్శకత్వంలో వచ్చిన 2023 సినిమా 2 కోట్ల డాలర్ల ఖర్చుకు 29 కోట్లకు పైగా తెచ్చింది. 2025 డిసెంబరులో వచ్చిన రెండో భాగానికి కాథనే స్క్రీన్‌ప్లే రాశాడు. అభిమానులు థియేటర్లకు పోటెత్తారు. విమర్శకులు మాత్రం కథ తెగిపోయి ఉందని, తెలిసినవాళ్లకే అర్థమయ్యే సూచనలతో నిండిపోయిందని తప్పుబట్టారు. గేమ్ తెలిసిన మనిషి కలం పట్టినంత మాత్రాన భయం తెరమీదికి నడిచిరాదు.

ఒకే హాలులో ఇద్దరు ప్రేక్షకులు

ఈ సినిమాలన్నీ ఇద్దరు ప్రేక్షకులను దృష్టిలో పెట్టుకోవాలి: గేమ్ ఆడినవాడు, ఆడనివాడు. ఇది అమెరికా హాళ్లకే పరిమితమైన సంగతి కాదు. చెన్నైలో తరతరాలుగా తెలుగు కుటుంబాలున్న వాషర్‌మెన్‌పేట్‌లోనూ ఇదే వర్తిస్తుంది. వాషర్‌మెన్‌పేట్ స్టేషన్‌లో లోకల్ ట్రెయిన్ ఎక్కితే రాయపురం దాటగానే బీచ్ స్టేషన్. దాని ఎదుటే బర్మా బజార్. బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలు 1960లలో మొదలుపెట్టిన ఈ వరుస దుకాణాల్లో, సీడీల కాలంలో గేమ్‌లూ ఇంగ్లీషు సినిమాలూ పక్కపక్కనే దొరికేవి. గంటకింతని చెల్లించి కంప్యూటర్ ముందు కూర్చున్న కుర్రాళ్లకు రెసిడెంట్ ఈవిల్ గేమ్‌గా తెలుసు. ఎం.సి. రోడ్డు బట్టల దుకాణాల్లో పనిచేసి, సెలవు రోజున ఇంటిల్లిపాదితో సినిమాకు వెళ్లే మనిషికి అది ఇంకో దెయ్యం సినిమా.

మొదటి భాగం ఈ ఇద్దరికీ ఒకే టికెట్ మీద ఏదో ఒకటి ఇస్తుంది. సీక్వెల్ సాధారణంగా ఇద్దరినీ పోగొట్టుకుంటుంది. ఆడినవాడి కోసం తెచ్చిన సుత్తిగొడ్డలి మనిషి ఆడనివాడికి అయోమయం. ఆడనివాడి కోసం పేజీలకొద్దీ రాసిన వివరణ ఆడినవాడికి విసుగు. ఉత్తర చెన్నైలో టి.హెచ్. రోడ్డులో 1967లో మొదలైన అగస్త్య లాంటి పెద్ద సింగిల్ స్క్రీన్ 2020లో మూతపడింది. హాలుకు వెళ్లడమే ఖర్చుతో కూడిన నిర్ణయమైన ఈ రోజుల్లో, సగం అర్థమయ్యే సీక్వెల్‌కు కుటుంబంతో వెళ్లేవాళ్లు తగ్గిపోవడం సహజం.

తెలుగు తెరమీద అదే తప్పు

గేమ్‌లతో సంబంధం లేకపోయినా తెలుగు హారర్ సీక్వెల్స్‌లోనూ ఇదే లక్షణం కనబడుతుంది. 1993 నాటి మలయాళ చిత్రం ‘మణిచిత్రతాళ్’ నుంచి కన్నడ ‘ఆప్తమిత్ర’ మీదుగా 2005లో ‘చంద్రముఖి’ వచ్చింది. దెయ్యమా, మనోవ్యాధా అన్న సందిగ్ధమే ఆ కథకు బలం. చివరికి వైద్యుడి వివరణ దొరికినా, ప్రేక్షకుడి మనసులో ఎక్కడో అనుమానం మిగులుతుంది. అదే దర్శకుడు పి. వాసు 2010లో దానికి సీక్వెల్‌గా వెంకటేశ్, అనుష్కలతో తీసిన ‘నాగవల్లి’లో పాతకాలపు రాజు నూరేళ్లు దాటినా ప్రాణాలతో ఉన్నాడని చూపించారు. అనుమానం నిర్ధారణ అయ్యేసరికి భయం కాస్తా జానపద సాహసంగా మారింది. 2023లో వచ్చిన ‘చంద్రముఖి 2’ కూడా ఆశించినంత ఆదరణ పొందలేదు.

గేమ్ నియమాన్ని పట్టుకున్న ‘గేమ్ ఓవర్’

గేమ్‌కూ హారర్‌కూ సరైన పొత్తు ఎలా కుదురుతుందో చెన్నైలోని వై నాట్ స్టూడియోస్ తమిళ, తెలుగు భాషల్లో నిర్మించిన ‘గేమ్ ఓవర్’ చూపించింది. అశ్విన్ శరవణన్ దర్శకత్వంలో 2019 జూన్ 14న విడుదలైన ఈ సినిమా ఏ గేమ్‌కూ అనుసరణ కాదు, దేనికీ సీక్వెల్ కాదు. అందుకే ఈ చర్చలో దానికి చోటుంది. అది గేమ్‌ల పేర్లనూ ఆకారాలనూ అరువు తెచ్చుకోలేదు, వాటి నియమాన్ని తీసుకుంది.

స్వప్న గేమ్ డిజైనర్. ఆ పాత్ర తాప్సీ వేసింది. గతంలో జరిగిన అఘాయిత్యం వల్ల ఆమెకు చీకటంటే వణుకు. ఇంట్లో తోడు పనిమనిషి కళమ్మ ఒక్కతే. కాళ్లు విరిగి చక్రాల కుర్చీకి పరిమితమైన సమయంలో హంతకులు ఇంటిమీద పడతారు. ఆమె చేతిమీది పచ్చబొట్టు సిరాలో, ముందే హత్యకు గురైన ఒక అమ్మాయి చితాభస్మం కలిసి ఉంటుంది. స్వప్నకు మూడు ప్రాణాలు దొరుకుతాయి. చనిపోయిన ప్రతిసారీ అదే రాత్రి మొదటికి తిరిగివస్తుంది, ఒక ప్రాణం తగ్గుతుంది. కిందటిసారి ఏ తలుపు దగ్గర పొరపాటు జరిగిందో ఆమెకు గుర్తుంటుంది, ప్రేక్షకుడికీ గుర్తుంటుంది. అందువల్ల కుర్చీలో కూర్చున్న ప్రేక్షకుడు కూడా తర్వాతి ఎత్తు ఆలోచించడం మొదలుపెడతాడు. గేమ్ ఆడేవాడికి మాత్రమే దక్కే ఆ నిర్ణయభారం అతనికీ అంటుతుంది. ప్యాక్‌మాన్ తప్ప ఏ గేమూ తెలియని ప్రేక్షకుడికి కూడా ఇది అర్థమవుతుంది. ఇదే రకం ఆలోచనతో, చచ్చిన ప్రతిసారీ రాత్రి మొదటికొచ్చే కథగా హాలీవుడ్ ‘అంటిల్ డాన్’ గేమ్‌ను 2025లో సినిమాగా తీసింది.

నిలబడే సీక్వెల్‌కు కావలసినవి

పాతికేళ్ల అనుభవం నుంచి కొన్ని విషయాలు స్పష్టంగా తేలుతున్నాయి. గేమ్‌లో ఒక్కో వింతజీవి వెనక ఒక కారణం ఉంటుంది. ఆ కారణం లేకుండా ఆకారాన్ని తెస్తే అది వేషం మాత్రమే. కథానాయకుడి బలం పెరిగిన కొద్దీ భయం తగ్గుతుంది కాబట్టి, రెండో భాగంలో అతన్ని మరింత శక్తిమంతుణ్ని చేయడం హారర్‌కు నష్టం. వివరణ ఎంత ఆలస్యమైతే భయం అంతసేపు నిలుస్తుంది. కొంత ఎప్పటికీ చెప్పకుండా వదిలేయడమూ కథకుడి పనే. ఖర్చు తగ్గితే రాక్షసులను తగ్గించుకోవాలి గానీ నిశ్శబ్దాన్ని, చీకటిని, పాత్ర మీద పెట్టే సమయాన్ని తగ్గించుకోకూడదు. అవి డబ్బు అడగవు.

అన్నిటికన్నా ముఖ్యం, గేమ్ ఏ కొరత మీద నిలబడిందో గుర్తించడం. రెసిడెంట్ ఈవిల్‌కు అది తూటాలు, సైలెంట్ హిల్‌కు చూపు, ఫ్రెడ్డీస్‌కు కరెంటు, ‘గేమ్ ఓవర్’కు ప్రాణాలు. ఆ కొరతను సీక్వెల్‌లోనూ కాపాడుకున్న దర్శకుడికి గేమ్ తెలిసినవాడూ తెలియనివాడూ ఒకే హాలులో, ఒకే క్షణంలో భయపడే అవకాశం దక్కుతుంది.